నీడ తిరిగిచ్చిన చెన్నక్క

గుండ్లేటికి ఇరువైపులా పరుచుకున్న కుందనగిరి రాజ్యానికి ఒక ఏడాది పెద్ద కష్టం వచ్చిపడింది. ఏరు దాటించే పడవలు ఒకటొకటిగా మునిగిపోసాగాయి. పూర్వం ఆ పడవలను నల్లమద్ది, వేగిస చెట్ల కొయ్యతో చేసేవారు. ఆ కొయ్య ముప్పై ఏళ్ళు నీళ్ళలో నానినా చెక్కుచెదిరేది కాదు. రానురాను అంత చేవగల కొయ్య దొరకడం మానేసింది. వడ్రంగులు చేసేదిలేక బూరుగుతోనూ మామిడితోనూ పడవలు చేశారు. అవి రెండేళ్ళకే పుచ్చిపోయేవి. ఆ శ్రావణంలో వరద పొంగి పారుతున్న రోజున ఒక పడవ నడి ఏట్లో రెండుగా విడిపోయింది. పడవ నడిపే మద్దిలేటి అనే యువకుడు ఈదుకుంటూ పదకొండు మందిని ఒడ్డుకు చేర్చాడు గాని, మరో ఆరుగురిని ఏరు తీసుకుపోయింది.

ఆ వార్త విన్న రాజు జయకేతుడు ఆ పూట అన్నం ముట్టలేదు. మంత్రిని పిలిపించి, "మన రాజ్యంలో చేవగల చెట్లు ఇంకెక్కడా లేవా?" అని అడిగాడు.

"ఒక్కచోట ఉన్నాయి ప్రభూ. రెండు కొండల నడుమ సుంకన్న అడవి ఉంది. కాని అది మనది కాదు. తమ తాతగారు దాన్ని సుంకన్న వంశానికి రాగిరేకు మీద రాసి ఇచ్చారు. ఇప్పుడు ఆ అడవి అంచున సుంకన్న భార్య ఈరవ్వ, ఆమె మనవరాలు చెన్నక్క ఉంటున్నారు."

ఎండలు ముదిరాక రాజు మంత్రిని వెంటబెట్టుకుని ఆ అడవికి వెళ్ళాడు. లోపలికి అడుగు పెట్టగానే ఆయన ఆగిపోయాడు. బయట పట్టపగలు, లోపల మసక చీకటి. ఒకప్పుడు వేల చెట్లున్న ఆ అడవిలో ఇప్పుడు నూరు చెట్లు మాత్రమే మిగిలి ఉన్నాయి. ఆ నూరు చెట్లే కొమ్మలను అంతంత దూరం చాపి, ఆకాశాన్ని ఎక్కడా కనబడనీయకుండా కప్పేశాయి. బరువుకు కొమ్మలు కిర్రుమంటున్నాయి. కొన్ని మొదళ్ళ దగ్గర నిలువునా పగిలాయి. నేలమీద కుళ్ళిన ఆకు తప్ప ఒక్క గడ్డిపోచ లేదు, ఒక్క మొలక లేదు.

చెన్నక్కకు పదిహేడేళ్ళు. పసితనంలోనే తల్లిదండ్రులు పోతే అవ్వ పెంచింది. అడవి అంచున తమ ఇంటి ముందు ఆమె రాజుకు నమస్కరించి, కూర్చోవడానికి పీట వేసింది.

"అమ్మాయీ, ఈ అడవి మీది. కాదని బలవంతంగా తీసుకోను," అన్నాడు రాజు. "కాని పోయిన శ్రావణం వరదలో ఆరుగురు పోయారు. ఈ చెట్లన్నీ కొడితే ఏటి పొడవునా ఉన్న రేవులకు పడవలు వస్తాయి. బదులుగా మీకు ఏటి దిగువన మాగాణి ఇస్తాను."

"దొరా, ఈ నూరు మానులూ కొడితే పడవలొస్తాయి, నిజమే. ఆ పడవలు పాతబడినాక ఏం చేస్తారు?"

రాజు తలవంచుకున్నాడు. "అది నాకూ తెలియదు. మనుషులు మునిగిపోతుంటే చెట్లు పెరిగేదాకా ఆగమని వాళ్ళతో ఎలా చెప్పను?"

ఆ మాటలో రాజు పడుతున్న బాధ చెన్నక్కకు అర్థమైంది. "ఏరువాక పున్నమి దాకా గడువియ్యండి. ఇక్కడ విత్తనం ఏంటికి మొలవడంలేదో కనుక్కుంటా. నా వల్ల కాకపోతే మీరు చెప్పినట్టే చేద్దాం," అంది. రాజు సరేనని వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక ఈరవ్వ ఇంట్లోంచి వచ్చింది. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇన్నాళ్ళూ నీకు చెప్పడానికి నోరు రాలేదే పాపా. మీ నాయన నా కడుపులో ఉన్నప్పుడు పెద్ద కరువొచ్చింది. మూడేండ్లు వాన లేదు. ఎండకు గొడ్లు, మనుషులు నిలువునా పడిపోతాండ్రి. మీ తాత నన్ను ఎత్తుకొచ్చి ఈ మానుల నీడలో పడుకోబెట్టినాడు. ఆ చల్లదనానికే నేను బతికినా. మీ నాయన ఈ నీడలోనే పుట్టినాడు. అప్పటినుంచి మీ తాతకు ఈ అడవే దేవుడు. ఉత్తరాన ఎండకొండ మీద నీడలదొర ఉంటాడని విని, పోయి వరమడిగినాడు."

"ఏమని అడిగినాడవ్వా?"

"'నా అడవిలో ఈ నీడ ఎన్నటికీ చెదరగూడదు' అని. దొర సరేనన్నాడు. ఆ రోజు నుంచి ఒక మాను పోతే, తెల్లారేలోపల పక్క మానులు చేతులు చాపి ఆ సందు మూసేస్తాండాయి. కింద ఎండ పొడ పడితే గదా విత్తనం మొలిచేది. మీ తాతకు ఆ సంగతి తెలిసేసరికి కాళ్ళు పడిపోయినాయి. వరం వెనక్కియ్యాలంటే ఆ ఇంటి మనిషే కొండెక్కల్లంట. ఆ దిగులుతోనే పోయినాడు."

చెన్నక్క అవ్వ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "నువ్వు బతికింది ఈ నీడవల్ల, నేను పుట్టింది నీవల్ల. తాత చేసింది తప్పు కాదులే అవ్వా. నేను పోయొస్తా."

మరునాడు ఉదయమే జొన్నరొట్టెలు, ఒక కొడవలి, చిన్న పలుగు మూటగట్టుకుని ఆమె బయలుదేరింది. ఏటి ఒడ్డున మద్దిలేటి వెదురుతో అల్లిన పుట్టిని బాగుచేసుకుంటున్నాడు. పడవ పోయిన తర్వాత అతనికి మిగిలింది అదొక్కటే. చెన్నక్క సంగతంతా చెప్పి, ఆవలి ఒడ్డుకు చేర్చమని అడిగింది.

పుట్టి నడుపుతూ మద్దిలేటి అన్నాడు: "ఆ ఆరుగుర్లో ఒక ముసలాయప్ప నా చెయ్యి పట్టుకున్న్యాడు. ఇంకో చేత్తో పసిబిడ్డనెత్తుకోనుంటి. పట్టు జారిపాయె. మంచి కొయ్యతో చేసిన పడవైయుంటే ఆయప్ప ఇప్పుడు ఇంట్లో ఉండేవాడు." ఒడ్డు చేరాక అతను పుట్టిని ఒక రాతికి కట్టాడు. "నువ్వు పోయి రా. దినమూ పొద్దున్నే వచ్చి ఈ ఒడ్డునే చూస్తాంటా."

చెన్నక్క మూట భుజానికెత్తుకుంది. "నీ మేలు మరిచిపోను," అని చెప్పి కదిలింది.

మూడు రోజులు నడిచాక ముళ్ళబయలు వచ్చింది. కనుచూపుమేర ఎండిన ముళ్ళకంప, నేలకు అంటుకుపోయిన గడ్డి. నడుముదాకా ఎదిగిన మొక్క ఒక్కటీ లేదు. ఆమె సగం దూరం పోయేసరికి ఎద్దంత దుప్పి ఒకటి ఎదురుగా వచ్చి నిలబడింది. దాని కొమ్ములు ఒక్కొక్కటి ఏడు కొనలుగా చీలి ఉన్నాయి. డొక్కలు మాత్రం లోపలికి పీక్కుపోయాయి.

"ఆగు," అంది దుప్పి మనిషి గొంతుతో. "నీ మూటలో పచ్చనిదేదైనా ఉంటే ఇక్కడ పెట్టు. లేకపోతే కుమ్మేస్తాను."

"ఎండు రొట్టెలు తప్ప ఏమీ లేవు. అవి నీవే తీసుకో," అని చెన్నక్క మూట విప్పి రొట్టెలన్నీ దాని ముందు పెట్టింది. "ఇంత ఆకలిగా ఏంటికుండావు నువ్వు?"

ఆ దుప్పిని అంతకుముందు ఎవరూ అలా అడగలేదు. కొమ్ములు పక్కకు తిప్పి అది చెప్పింది: "నా మందలో మూడు వందల తలలున్నాయి. ఇక్కడి పులులు ఎప్పుడో వెళ్ళిపోయాయి. నేలలోంచి ఆకు తల ఎత్తీ ఎత్తగానే ఎవరో ఒకరు కొరికేస్తారు. మొలక చెట్టవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పోయిన వేసవిలో నలభై పిల్లలు నా కళ్ళముందే చచ్చిపోయాయి."

చెన్నక్క చుట్టూ చూసింది. కొంత దూరంలో ఎండిన రేగుచెట్టొకటి పడి ఉంది. దాని ముళ్ళ మధ్యనుంచి లేతాకుపచ్చగా ఏదో కనబడింది. దగ్గరికి పోయి చూస్తే అది వేగిస మొక్క, ఆమె భుజాల ఎత్తు ఉంది. ముళ్ళవల్ల దాన్ని ఏ నోరూ అందుకోలేకపోయింది.

"ఇదిగో, నువ్వు చూడని మొలక," అంది చెన్నక్క. "మీరు కొమ్ములతో ఈ ముళ్ళకంపంతా లాక్కొస్తే నేను సగం బయలు చుట్టూ కంచె వేస్తా. లోపల మొక్కలు మీ తలలకన్నా ఎత్తు పెరిగేదాకా మీరు అటు పోగూడదు. అప్పుడు కంచె తీసెయ్యండి. రాలిన ఆకు, కాయ, పూత అంతా మీదే."

"అప్పటిదాకా ఓర్చుకోగలమా?"

"సగం బయలు మీకుండనే ఉండాది. ఇంకో సగం పుట్టబోయే పిల్లలకని ఉంచండి."

దుప్పి ముళ్ళ సందులోంచి ఆ వేగిస మొక్కను వాసన చూసింది. తర్వాత తల ఎత్తి అరిచింది. ఆ కేక విని మంద అంతా వచ్చింది. పన్నెండు రోజులపాటు దుప్పులు కంప లాగుతుంటే చెన్నక్క కంచె వేసింది. ముళ్ళు గుచ్చుకుని చేతులు వాచిపోయాయి. రొట్టెలన్నీ దుప్పికి ఇచ్చేసింది గనక ముళ్ళకంపల్లో చిక్కుకుని ఎండిన రేగుపళ్ళతో కడుపు నింపుకుంది. పని పూర్తయిన రోజున దుప్పి ఆమె ముందు మోకాళ్ళమీద వంగింది. "ఎక్కు. బయలు దాటిస్తాను. మళ్ళీ ఇటు వస్తే పిలువు," అంది.

బయలు దాటాక తీగలలోయ వచ్చింది. అక్కడ ఎత్తైన చెట్లున్నాయి గాని ఒక్కదాని ఆకు కూడా కనబడలేదు. మొదలు నుంచి తల దాకా తాడులావు తీగలు చుట్టుకుని ఉన్నాయి. చెన్నక్క పది అడుగులు వేసిందో లేదో, ఒక తీగ ఆమె కాలికి, ఇంకొకటి నడుముకు చుట్టుకుంది. తీగల మధ్యనుంచి ఒక ఆడ రాకాసి పెద్ద మొహం కిందికి వంగింది. ఆ తీగలన్నీ ఆ రాకాసి జుట్టే.

"నీకంటే ముందు వచ్చినవాళ్ళు నన్ను నరికారు," అని రాకాసి నవ్వింది. "ఒక్కచోట నరికితే పదిచోట్ల మొలిచాను. నీ కొడవలికి కూడా పని చెప్పు, చూద్దాం."

చెన్నక్క కొడవలి తియ్యలేదు. ఊపిరాడక ఇబ్బందిగానే ఉంది. అయినా గొంతు కూడదీసుకుని, "నరకను గాని ఒకటి అడుగుతా. ఈ మానులన్నిటి మీదికి నువ్వు ఏంటికి ఎక్కినావు?" అంది.

రాకాసి నవ్వు ఆగిపోయింది. "ఎండకోసం," అంది. "నేను పుట్టింది ఆ చెట్ల మొదళ్ళలో. అక్కడ చీకటి. వెలుతురు కావాలని పైకి పాకాను. నేను ఎక్కినకొద్దీ చెట్లు చచ్చాయి. అవి పడిపోతే నేనూ కిందపడతాను. అందుకే ఇంకో చెట్టు, ఆ తర్వాత ఇంకొకటి. నాకు ఈ ఎక్కడం ఆపడం చేతకాదు."

"ఎండ పుష్కలంగా ఉండే చోటు చూపిస్తే ఆ చెట్లను వదిలేస్తావా?"

"అలాంటి చోటికి నేను ఎలా పోను? నా వేరు ఇక్కడుంది."

"వేరెక్కడో చెప్పు. నా దగ్గర పలుగుండాది."

అంతవరకూ రాకాసి తన వేరు ఎక్కడుందో ఎవరికీ చెప్పలేదు. చెబితే చంపుతారని భయం. ఇప్పుడు చెన్నక్క నడుము చుట్టూ ఉన్న తీగను సడలించి చోటు చూపించింది. వేరు ఒక పెద్ద చండ్రచెట్టు మొదట్లో, గుమ్మడికాయంత దుంపగా ఉంది. దాన్ని గాయం కాకుండా తవ్వి తీయడానికి ఆరు రోజులు పట్టింది. చెన్నక్క దాన్ని మోసుకుపోయి, లోయ పక్కన పొద్దు పొడిచినప్పటినుంచి కుంకేదాకా ఎండ కాసే బండరాతి సందులో పాతి, ఊట నుంచి నీళ్ళు తెచ్చి పోసింది. చెట్లమీది తీగలు వాడి జారిపడ్డాయి. బండమీద మాత్రం చిన్న చిగురొకటి వచ్చింది. ఆ చిగురులోంచి సన్నని గొంతు, "ఇక్కడ వెచ్చగా ఉంది తల్లీ. నీకు రుణపడి ఉన్నాను," అంది.

లోయ చివర ఎండకొండ నిలబడి ఉంది. దాని అడుగున, నెత్తిమీద ఏ నీడా లేకుండా ఒక ముని కూర్చుని ఉన్నాడు. ఆయన చెన్నక్కకు ముంత నిండా మంచినీళ్ళిచ్చాడు.

"అరవై ఏళ్ళుగా ఈ కొండ ఎక్కేవాళ్ళను చూస్తున్నానమ్మా," అన్నాడు ముని. "సుంకన్న కూడా నా ముందునుంచే ఎక్కాడు. మంచివాడు. కాని అందరిలాగే తొందరపడ్డాడు. వరం చేతికి రాగానే పరుగెత్తుకుంటూ దిగి వెళ్ళిపోయాడు. నీడలదొర మిట్టమధ్యాహ్నం మాత్రమే కనబడతాడు. నీ నీడ నీ పాదాల కింద ఉన్నంతసేపే మాట్లాడతాడు. ఏం అడగాలో నేను చెప్పను. కాని ఇంతవరకూ ఆయన దగ్గరికి పోయినవాళ్ళంతా అడగడానికే పోయారన్న సంగతి మాత్రం గుర్తుంచుకో."

చెన్నక్క ఆ మాటనే తలచుకుంటూ కొండెక్కింది. రాళ్ళు పెనంలా కాలుతున్నాయి. శిఖరం చేరేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. ఆమె నీడ కుంచించుకుపోయి పాదాల కిందికి చేరింది. ఎదురుగా గాలి చల్లబడింది. అక్కడ నల్లని పొడవాటి మనిషి నిలబడి ఉన్నాడు. ఆయన ఒంటిమీద కదిలే వస్త్రంలో వేల చెట్ల ఆకుల నీడలు ఆడుతున్నాయి.

"ఏం కావాలి?" అన్నాడు నీడలదొర. ఆ గొంతులో విసుగుంది.

చెన్నక్క కాలే బండమీద మోకరించింది. "దొరా, నా పేరు చెన్నక్క. కరువు కాలంలో మా అవ్వ మీ నీడలో బతికింది. మా నాయన మీ నీడలో పుట్టినాడు. మీరు లేకుంటే నేను లేను. మా తాత ఆ మాట మీకు చెప్పకుండానే వచ్చేసినాడంట. ఆయన తరఫున, మా అవ్వ తరఫున, నా తరఫున మీకు దండం పెట్టడానికి వచ్చినా."

 నీడలదొర వస్త్రంలో ఆడుతున్న ఆకుల నీడలు ఆగిపోయాయి. "నేను ఎంతమందికి నీడనిచ్చానో నాకే లెక్క లేదు," అన్నాడు మెల్లగా. "తిరిగి వచ్చి ఇలా చెప్పినదానివి నువ్వే. ఇప్పుడు చెప్పు, ఇంకేమి కావాలి?"

"అడగడానికి కాదు, ఇవ్వడానికి వచ్చినా. మీరు మా తాతకిచ్చిన వరాన్ని వెనక్కి తీసుకోండి. మానులు చేతులు చాపి చాపి పగిలిపోతాండాయి. వాటి బిడ్డలు ఒక్కటీ మొలవలేదు. వాటికి ఎండ కావాల."

"ఇచ్చిన వరాన్ని ఊరికే తీసుకోవడం నాకు సాధ్యం కాదు. దానికి బదులుగా ఆ ఇంటివాళ్ళ నీడ ఒకటి నా దగ్గర ఉండిపోవాలి. నీ నీడ ఇస్తావా? ఇచ్చాక అది మళ్ళీ రాదు. నీడ లేని మనిషిని చూసి లోకం జంకుతుంది. ఎండ నిన్ను అందరికన్నా ఎక్కువగా కాల్చుతుంది."

చెన్నక్క కిందికి చూసింది. చిన్నప్పుడు ఆ నీడతో ఆడుకున్న ఆటలు గుర్తొచ్చాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె పాదాలు ఒకటి తర్వాత ఒకటి ఎత్తి, పక్కకు జరిగి నిలబడింది. నీడ మాత్రం ఉన్నచోటనే ఉండిపోయింది. నీడలదొర దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తన వస్త్రంలో పొదువుకున్నాడు.

"దీన్ని జాగ్రత్తగా చూసుకుంటాను," అన్నాడు. సూర్యుడు ఒక్క వేలెడు పడమటికి వాలాడు. అక్కడ ఇంకెవరూ లేరు.

తిరుగుప్రయాణంలో దుప్పి ఆమెను వీపుమీద ఎక్కించుకుని ఏటి ఒడ్డుకు తెచ్చింది. మద్దిలేటి చెప్పినట్టే అక్కడ ఉన్నాడు. పుట్టిలో ఎక్కాక అతను నీళ్ళమీదికి చూసి, మళ్ళీ ఆమెను చూశాడు. "నీ నీడేదీ?" అని అడిగాడు. ఆమె చెప్పింది. అతను తన తాటాకు గొడుగు తీసి ఆమె నెత్తిమీద పట్టాడు.

ఏరువాక పున్నమి ఇంకా రెండు రోజులుంది. అప్పటికే రాజు, మంత్రి, గొడ్డళ్ళు పట్టుకున్న నలభై మంది అడవి అంచున ఉన్నారు. మద్దిలేటి పక్కన నీడ లేకుండా నడిచివస్తున్న పిల్లను చూసి గొడ్డళ్ళవాళ్ళు వెనక్కి తగ్గారు. రాజు మాత్రం ముందుకు వచ్చాడు.

"దొరా, విత్తనాన్ని మొలవనీయని వరమొకటి ఉండె, దాన్ని వెనక్కిచ్చేసినా. మీకు పన్నెండు మానులిస్తా," అంది చెన్నక్క. "ఏవి కొట్టాల్నో నేను చూపిస్తా. తక్కినవి ఉండనియ్యండి."

"పన్నెండుకు నాలుగు పడవలే వస్తాయి," అన్నాడు మంత్రి. "పైగా నువ్వు చూపేవి వంకరవీ తొర్రవీ. ఆ నిటారైన పెద్ద నల్లమద్దిని ఇస్తే దానికదే రెండు పడవలకు సరిపోతుంది."

"అది తల్లిమాను సామీ. నిటారుగా, బలంగా పెరిగింది గనకనే దాని విత్తనం కావాల. మంచిదాన్ని కొట్టేసి వంకరదాన్ని ఉంచితే రేపు అడవంతా వంకరే అయితాది."

రాజు మద్దిలేటి వైపు తిరిగాడు. "నాలుగు పడవలతో ఏరు గడుస్తుందా?"

"పెద్ద రేవులు నాలుగే గదా దొరా. చిన్న రేవుల్లో వరదనాళ్ళు దాటకుండా ఆపితే సరిపోతాది. నాలుగు గట్టి పడవలుంటే ఎవరూ మునగరు."

రాజు ఒప్పుకున్నాడు. పన్నెండు చెట్లు ఒకదాని తర్వాత ఒకటి కూలాయి. ఒక్కో చెట్టుకు గొడ్డలి పెట్టేముందు చెన్నక్క దాని మొదలుకు పసుపు రాసి దండం పెట్టింది. మరునాడు తెల్లవారుతూనే అందరూ పరుగున వచ్చి పైకి చూశారు. పక్క చెట్లు కొమ్మలు చాపలేదు. పన్నెండు చోట్ల నీలాకాశం కనబడుతోంది. నలభై ఏళ్ళ తర్వాత ఆ నేలమీద ఎండ పడింది. కొమ్మల కిర్రుమనే చప్పుడు ఆగిపోయింది. మంత్రి తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

పున్నమి దాటిన మూడో రోజున తొలకరి పడింది. పది రోజులకు చెన్నక్క వంగి నేలను చూస్తే, కుళ్ళిన ఆకును పైకెత్తుకుని మద్ది మొలకలు, వేగిస మొలకలు, జిట్రేగి మొలకలు లేస్తున్నాయి. కొట్టిన మోడుల అంచుల వెంట కూడా ఎర్రటి చిగుళ్ళు పుట్టుకొచ్చాయి. ఆమె ఆ బురదలోనే కూర్చుండిపోయి, చేతులు జోడించి ఏడ్చింది.

అసలు పని అప్పుడే మొదలైంది. మొలకలు కనబడిన ప్రతిచోటా ముళ్ళకంచె వేయాలి. ఊరి మేకలు అటు రాకుండా కాపరులను బతిమాలాలి. తీగ ఏ మొక్కమీదికి ఎక్కినా దాన్ని వేరుతో సహా తవ్వి ఎండగల చోట పాతాలి. ఒకే మోడునుంచి పది చిగుళ్ళు వస్తే బలమైన రెండింటిని ఉంచి తక్కినవి తుంచాలి. ఎండాకాలం మంటలు పాకకుండా అడవి చుట్టూ రాలిన ఆకు ఊడ్చి దారి చేయాలి. ఎండ మండే వేళ చెన్నక్క బయట నిలవలేకపోయేది. అప్పుడు ఊరివాళ్ళు వచ్చి ఆ పని అందుకునేవాళ్ళు. ఏట్లో పోయిన ఆరుగురి ఇళ్ళవాళ్ళూ వచ్చారు. మద్దిలేటి కొత్త పడవ రేవుకు కట్టేసి సాయంత్రాలు వచ్చేవాడు.

ఆ నాలుగు పడవలు ప్రతి వరదకూ నిలబడ్డాయి. ఒక్క ప్రాణం కూడా పోలేదు. కొత్తగా ఏరు దాటిన ప్రతివాళ్ళూ దిగేముందు పడవ అంచును కళ్ళకద్దుకునేవాళ్ళు.

ఆరేళ్ళు గడిచాయి. పెళ్ళిమాట వచ్చినప్పుడు, నీడ లేని పిల్లను ఎవరు చేసుకుంటారని కొందరు గుసగుసలాడారు. ఆ మాట మద్దిలేటి చెవిన పడింది. అతను తిన్నగా ఈరవ్వ దగ్గరికి వచ్చి, "అవ్వా, నా నీడ ఇద్దరికీ సరిపోతాది. నీ మనవరాలిని అడిగి చెప్పు," అన్నాడు. అవ్వ అడగకముందే చెన్నక్క లోపలినుంచి నవ్వింది.

పెళ్ళికి రాజు స్వయంగా వచ్చాడు. పెళ్ళికానుకగా ఏం కావాలో కోరుకోమన్నాడు.

"మాలాగా సొంత అడవులున్నోళ్ళు ఈ రాజ్యంలో చాలామంది ఉండారు దొరా. ఎట్లా కాపాడుకోవాల్నో తెలీక వాటిని పోగొట్టుకుంటాండారు. ఒక మాను కొట్టేముందు దాని పిల్లలు మూడు మనిషెత్తు పెరిగుండాలని చాటింపు వేయించండి. తెలీనోళ్ళ దగ్గరికి నేను పోయి చూపిస్తా."

రాజు ఆ పూటే చాటింపు వేయించాడు. చెన్నక్కను రాజ్యంలోని అడవులన్నిటికీ సంరక్షకురాలిగా నియమించాడు. "ఆ రోజు నీ మాట వినకపోయుంటే ఏరు పొడవునా పడవలుండేవి, కాని అవి పాతబడ్డాక మళ్ళీ చేయడానికి ఒక్క చెట్టూ ఉండేది కాదు. నా రాజ్యం నీకు కృతజ్ఞత చెబుతోంది తల్లీ," అన్నాడు.

పెళ్ళి భోజనాలు అయ్యాక ఈరవ్వ తనను అడవిలోకి తీసుకుపొమ్మంది. భర్త పోయిన తర్వాత ఆమె ఆ చీకటిలో అడుగు పెట్టలేదు. ఒకవైపు చెన్నక్క, ఒకవైపు మద్దిలేటి పట్టుకుని నడిపించారు. పెద్ద చెట్ల మధ్య ఖాళీల్లో, ఎండపొడలో, ఆమెకంటే ఎత్తైన మొక్కలు వందలకొద్దీ నిలబడి ఉన్నాయి. వాటి సందుల్లో ఏవో పిట్టలు అరుస్తున్నాయి. ముసలామె కళ్ళు చికిలించి అన్నిటినీ చూసింది. ఒక లేత నల్లమద్ది దగ్గర ఆగి, దాన్ని రెండు చేతులతో తడిమింది. కొనకొమ్మను కిందికి వంచి, పేరంటానికి వచ్చిన పిల్ల తలమీద పెట్టినట్టు దానిమీద అరచెయ్యి పెట్టింది.

"మున్నూరేండ్లు బతుకమ్మా," అని దీవించి, కొమ్మను వదిలిపెట్టింది. అది మెల్లగా పైకి లేచి నిటారుగా నిలబడింది.